మంచు తోసే ట్రాక్టర్‌కి లైట్లు, హీటర్లు బిగించే ముందు తెలియాల్సిన కరెంటు లెక్క

మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో, బఫెలో వైపో, అటు టొరంటో అవతలో నాలుగైదు ఎకరాలతో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి మొదటి చలికాలంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది, రోడ్డు మీద మంచు కౌంటీ వాళ్ళు తీసేస్తారు గానీ రోడ్డు నుంచి గరాజ్ దాకా ఉన్న మూడొందల అడుగుల డ్రైవ్‌వే మాత్రం మన నెత్తినే ఉంటుంది. 2022 నవంబర్‌లో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుఫానుకి 80 అంగుళాల మంచు పడింది, అంటే ఆరున్నర అడుగుల పైనే. పారతో అయ్యే పని కాదు కాబట్టి ట్రాక్టర్ కొంటారు, లేదా ఇంటితో పాటే షెడ్డులో ఉన్న పాత ట్రాక్టర్‌ని బయటికి తీస్తారు.

డిసెంబర్లో సాయంత్రం ఐదింటికే చీకటి, కాబట్టి లైట్లు కావాలి. గాలికి చేతులు కొంకర్లు పోతాయి కాబట్టి క్యాబిన్, అందులో హీటర్, అద్దం మీద వైపర్ కావాలి. రోడ్డు అంచున పనిచేసేటప్పుడు వచ్చే కార్లకి కనబడాలి కాబట్టి పైన తిరిగే పసుపు లైటు కావాలి. ఒక్కోటీ కొని తగిలిస్తూ పోతారు, అన్నీ వెలుగుతాయి, అన్నీ తిరుగుతాయి, జనవరిలో ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటుంది. కొత్త బ్యాటరీ వేస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ. అప్పుడు ఒకరు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) మార్చమంటారు, ఇంకొకరు పాత 6 వోల్టుల బండైతే 12 వోల్టులకి మార్చేయమంటారు, మరొకరు వైర్లు చూడమంటారు. ముగ్గురు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది, కాకపోతే ఎవరిది ఏ ట్రాక్టర్‌కి సరిపోతుందో తెలియాలంటే కరెంటు ఎక్కడ పుడుతోంది, ఎక్కడ దాచుకుంటున్నాం, దారిలో ఎక్కడ కారిపోతోంది అనేది విడివిడిగా చూడాలి. నా లెక్కలో చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఆ మూడోదాన్ని వదిలేసి మొదటి రెండింటి మీద పెట్టడం వల్లే.

## చలి బ్యాటరీని ఏం చేస్తుంది

మన దగ్గర లంబసింగిలో చలి ఎంత గట్టిగా ఉన్నా ట్రాక్టర్ స్టార్ట్ అవ్వడానికి అది పెద్ద అడ్డం కాదు. బ్యాటరీ మరీ డౌన్ అయితే వాలులో పెట్టి దింపుతూ క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకుంటుంది. మైనస్ 20 డిగ్రీల్లో ఆ కిటుకు పనిచెయ్యదు, ఎందుకంటే అక్కడ రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఇంజిన్ ఆయిల్ చిక్కబడిపోయి క్రాంక్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, సరిగ్గా అదే సమయంలో బ్యాటరీలో రసాయన చర్య మందగించి మామూలుగా ఇచ్చే బలంలో సుమారు సగమే ఇస్తుంది. అవసరం పెరిగింది, సరుకు తగ్గింది. అక్టోబర్లో బాగానే ఉన్న బ్యాటరీ జనవరిలో చేతులెత్తేయడానికి కారణం ఇదే, అది అక్టోబర్లోనే ముసలిదైపోయింది, వెచ్చదనం వల్ల మనకి తెలియలేదంతే.

బ్యాటరీ మీద సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అని ఒక నంబర్ ఉంటుంది, కొనేటప్పుడు అందరూ చూసేది అదే. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపులు ఇస్తూ 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టుల కంటే కిందకి పడకుండా నిలబడగలదో ఆ లెక్క అది. 650 సీసీఏ అంటే ఆ చలిలో అరనిమిషం పాటు 650 ఆంపులు. ఇది సెల్ఫ్ కొట్టే బలం మాత్రమే చెబుతుంది, నాలుగు లైట్లు ఎన్ని గంటలు వెలుగుతాయో చెప్పదు. దానికి ఆంప్-అవర్ అనే ఇంకో నంబర్ ఉంటుంది, ఎన్ని ఆంపులు ఎన్ని గంటలు ఇవ్వగలదో ఆ రెండింటి గుణకారం అది. రెండింటినీ కలిపేసి, సీసీఏ ఎక్కువున్నది వేశాను కదా లైట్లకి కూడా సరిపోతుందిలే అనుకోవడం దగ్గరే సగం గందరగోళం.

ఇంకో విషయం, బ్యాటరీ గడ్డ కడుతుంది. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీలో యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి మైనస్ 50 దాటినా గడ్డ కట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే, అది మైనస్ 7, మైనస్ 8కే గడ్డకట్టి డబ్బా పగిలిపోవచ్చు, పక్కలు ఉబ్బిన బ్యాటరీ కనబడితే దాన్ని చార్జింగ్‌కి పెట్టకూడదు. లైటు ఆఫ్ చేయడం మర్చిపోతే ఊళ్ళో అయితే చార్జింగ్ పెట్టించుకుంటే సరిపోయేది, ఇక్కడ బ్యాటరీయే పోతుంది.

చలిలో ఉన్న బ్యాటరీ చార్జింగ్‌ని కూడా నెమ్మదిగానే తీసుకుంటుంది. చాలామంది సెల్ఫ్ కొట్టడమే బ్యాటరీని తినేస్తుందనుకుంటారు, లెక్క వేసి చూస్తే 200 ఆంపులు 10 సెకన్లు అంటే 2000 ఆంప్-సెకన్లు, ఒక గంటలో 3600 సెకన్లు కాబట్టి అది అర ఆంప్-అవర్ కంటే కొంచెమే ఎక్కువ. 50 ఆంప్-అవర్ బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. పావుగంట నడిపి ఆపేస్తూ, ఆ పావుగంటా అన్ని లైట్లూ హీటరూ వేసి ఉంచితే మాత్రం రోజుకి కొంచెం కొంచెం బాకీ పడుతూ వస్తుంది, ఆ బాకీ ఒక గడ్డకట్టే పొద్దున వసూలవుతుంది.

## 6 వోల్టుల పాత ఫోర్డ్: ఉంచాలా, మార్చాలా

షెడ్డుల్లో దొరికే పాత ట్రాక్టర్లలో అందరికీ తెలిసింది 1947 నుంచి 1952 దాకా తయారైన ఫోర్డ్ 8ఎన్. బూడిద రంగు, ఎర్ర ఇంజిన్, వెనక బ్లేడు తగిలిస్తే డ్రైవ్‌వే మంచు హాయిగా లాగేస్తుంది. దీని కరెంటు మనకి అలవాటైనదానికి రెండు రకాలుగా తేడా. ఒకటి, ఇది 12 కాదు, 6 వోల్టులు. రెండోది, బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. కారు అలవాటుతో మైనస్‌ని ఎర్త్‌కి పెట్టేసేవాళ్ళు ఎంతమందో. పాత జనరేటర్ ఉన్నప్పుడు తట్టుకుంటుందేమో గానీ ఆల్టర్నేటర్ వేసిన బండికి బ్యాటరీ తిరగేసి పెడితే లోపలి డయోడ్లు (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చేవి) కాలిపోతాయి.

6 వోల్టుల ఇబ్బంది ఎక్కడంటే, అదే పని చెయ్యడానికి 12 వోల్టుల దానికంటే రెట్టింపు ఆంపులు కావాలి. సెల్ఫ్ మోటార్‌కి 1200 వాట్లు కావాలనుకుందాం. 6 వోల్టుల్లో అది 200 ఆంపులు, 12 వోల్టుల్లో 100 ఆంపులు. ఇప్పుడు దారిలో ఉన్న జాయింట్లు చూడండి, బ్యాటరీ మీద రెండు టెర్మినల్స్, బాడీకి ఎర్త్ బోల్టు, సెల్ఫ్ స్విచ్. ఒక్కోదానికి కొంచెం తుప్పు పట్టి ఓమ్‌లో వెయ్యో వంతు అడ్డం ఉందనుకోండి, మొత్తం వెయ్యికి నాలుగు వంతులు. 200 ఆంపులకి అక్కడ పోయేది 0.8 వోల్టు, 6లో అది 13 శాతం. 100 ఆంపులకి పోయేది 0.4 వోల్టు, 12లో అది 3 శాతం పైచిలుకు. అదే తుప్పు, అదే బోల్టు, నష్టం మాత్రం నాలుగు రెట్లు. అందుకే 12 వోల్టులకి మార్చగానే ట్రాక్టర్ టకీమని స్టార్ట్ అవుతుంది, అందరూ ఆల్టర్నేటర్ మహిమ అంటారు, నిజానికి సగం సందర్భాల్లో మార్చే పనిలో భాగంగా తుప్పు గీకి కొత్త కేబుల్స్ వేయడం వల్ల బాగుపడింది.

6 వోల్టులనే ఉంచాలనేవాళ్ళ వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ట్రాక్టర్లు మిన్నెసోటా, డకోటా చలిలో దశాబ్దాల పాటు 6 వోల్టులతోనే పనిచేశాయి, డిజైన్‌లో తప్పేం లేదు, తర్వాతి వాళ్ళు సన్న కేబుల్స్ వేసి పాడుచేశారు అంటారు. ఇందులో చాలా బలముంది. షాపుల్లో దొరికే కారు కేబుల్ 4 గేజో 6 గేజో ఉంటుంది, 6 వోల్టుల బండికి 1/0 గేజ్ లాంటి లావు కేబుల్ కావాలి, రబ్బరుతో కలిపి చిటికెన వేలంత ఉంటుంది. లావు కేబుల్, మెరిసేలా గీకిన ఎర్త్, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ, ఈ మూడూ ఉన్న 6 వోల్టుల 8ఎన్ చలిలో మొరాయించదు.

మార్చాలనేవాళ్ళు చెప్పేది స్టార్టింగ్ గురించి మాత్రమే కాదు. 6 వోల్టుల బ్యాటరీ ప్రతి షాపులో దొరకదు, 6 వోల్టులకి పనిచేసే ఎల్ఈడీ లైట్లు, వైపర్ మోటార్లు దొరకడం ఇంకా కష్టం, పాత జనరేటర్ ఇచ్చే కొద్దిపాటి ఆంపులు రెండు హెడ్‌లైట్లకి మించి దేనికీ చాలవు, ఇంజిన్ స్లో అయితే అవి కూడా ఇవ్వదు. బ్యాటరీ డౌన్ అయినప్పుడు కారు నుంచి జంపర్ పెట్టుకునే వీలు కూడా ఉండదు.

నేనైతే ఇలా చూస్తాను, పగలు మాత్రమే బ్లేడుతో మంచు లాగేవాళ్ళు 6 వోల్టులు ఉంచుకుని కేబుల్స్ మీద ఖర్చు పెడితే చాలు, చీకట్లో పని తప్పనివాళ్ళు, లైట్లూ ఇంకేవో తగిలించాలనుకునేవాళ్ళు మార్చుకోవడమే మేలు.

మారిస్తే ఏమేం మారతాయి? బ్యాటరీ (ఇప్పుడు దాని మైనస్ ఎర్త్‌కి వెళుతుంది), జనరేటర్ స్థానంలో ఆల్టర్నేటర్, పాత రెగ్యులేటర్ తీసేయడం, బల్బులన్నీ, ఇగ్నిషన్ కాయిల్ లేదా దాని ముందు రెసిస్టర్. 8ఎన్‌లో 1950కి ముందువాటికి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి వంతుల వారీగా కరెంటు పంచేది) ఇంజిన్ ముందు వైపు ఉంటుంది, తర్వాతివాటికి పక్కన ఉంటుంది, వాటి కాయిల్స్ వేరు వేరు, కిట్ కొనేటప్పుడు పొరపాట్లు జరిగేది ఇక్కడే. సెల్ఫ్ మోటార్ మార్చక్కర్లేదు, ప్లస్ మైనస్ తిరగేసినా అది అటే తిరుగుతుంది, ఎందుకంటే లోపల ఫీల్డ్, ఆర్మేచర్ రెండింటిలోనూ కరెంటు దిశ కలిసే మారుతుంది. కాకపోతే 12 వోల్టులతో చాలా గట్టిగా తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ అందుకోకపోయినా కొడుతూనే ఉంటే మోటార్ వేడెక్కి కాలుతుంది. ఆమ్‌మీటర్‌కి రెండు వైర్లు అటుదిటు మార్చాలి, లేకపోతే చార్జ్ అవుతుంటే డిస్చార్జ్ అని చూపిస్తుంది.

ఆల్టర్నేటర్లలో ఎక్కువగా వాడేది డెల్కో 10ఎస్ఐ. ఒక వైరుతో పనిచేసేది, మూడు వైర్లది అని రెండు రకాలు. ఒక వైరుది బిగించడం తేలిక, అయితే ఇంజిన్ ఒకసారి రేజ్ చేసేదాకా అది నిద్రలేవదు, 8ఎన్ లాంటి నెమ్మది ఇంజిన్‌కి స్టార్ట్ చేసి ఐడిల్‌లో వేడెక్కనిచ్చే అలవాటున్నవాళ్ళు ఆ సేపంతా చార్జింగ్ లేకుండానే నడుపుతుంటారు. మూడు వైర్లది తాళం తిప్పగానే సిద్ధంగా ఉంటుంది, కానీ దాని వైరు నుంచి కరెంటు వెనక్కి ఇగ్నిషన్‌కి వెళ్ళి, తాళం ఆపినా ఇంజిన్ ఆగకుండా తిరిగే ఇబ్బంది ఉంది. దానికి మధ్యలో ఒక డయోడ్ గానీ చిన్న ఇండికేటర్ బల్బు గానీ పెడతారు.

## రాబడి ఎంత, ఖర్చు ఎంత

ఇప్పుడు కొత్త తరం చిన్న డీజిల్ ట్రాక్టర్ తీసుకుందాం, కుబోటానో జాన్ డీరో మహీంద్రానో, ఏదైనా సరే. 12 వోల్టులు, ఆల్టర్నేటర్ 40 ఆంపులది అనుకుందాం. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు గుర్తు చేసుకోండి, ఆల్టర్నేటర్ అంటే నీళ్ళెక్కించే మోటార్, బ్యాటరీ అంటే ట్యాంకు. మోటార్ ఎక్కించేదానికంటే కుళాయిలు ఎక్కువ వదిలితే ట్యాంకు ఎంత పెద్దదైనా ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది. పెద్ద బ్యాటరీ వేసినంత మాత్రాన సమస్య తీరదు, ఒక గంట వాయిదా పడుతుంది.

కుళాయిలు లెక్కేద్దాం. 55 వాట్ల హాలోజెన్ వర్క్ లైట్లు నాలుగంటే 220 వాట్లు, బండి నడిచేటప్పుడు వోల్టేజ్ 13.8 దాకా ఉంటుంది కాబట్టి దానితో భాగిస్తే 16 ఆంపులు. బండితో వచ్చిన రెండు హెడ్‌లైట్లు 5. హీటర్ ఫ్యాన్ ఫుల్‌లో 10. వైపర్ 4. పైన తిరిగే హాలోజెన్ పసుపు లైటు 4. ఇంజిన్ సొంత అవసరాలు, అంటే ఫ్యూయెల్ పంపు, సొలినాయిడ్, డ్యాష్‌బోర్డు, ఒక 3. మొత్తం 42. స్నోబ్లోవర్ (మంచుని లాగి దూరంగా చిమ్మే యంత్రం) గొట్టాన్ని, అంటే చ్యూట్‌ని, మంచు ఎటు ఎగరెయ్యాలో అటు తిప్పే ఎలక్ట్రిక్ మోటార్ ఉంటే అది తిరిగినప్పుడల్లా ఇంకో 8, అంటే 50. వచ్చేది 40.

ఇక్కడ చాలామంది చూడని మలుపు ఒకటుంది. ఆ 40 ఆంపులు ఇంజిన్ స్పీడ్ మీద ఉన్నప్పుడే. స్నోబ్లోవర్ నడిపేటప్పుడు పీటీఓ (ఇంజిన్ బలాన్ని తగిలించిన యంత్రానికి అందించే షాఫ్ట్) కోసం ఎలాగూ ఇంజిన్ ఎక్కువ స్పీడ్‌లో ఉంటుంది, ఆల్టర్నేటర్ పూర్తిగా ఇస్తుంది. అదే ట్రాక్టర్‌తో లోడర్ బకెట్టు పెట్టి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ జరుగుతూ మంచు కుప్పలు ఎత్తేటప్పుడు ఇంజిన్ తక్కువలో ఉంటుంది, అప్పుడు 25 ఆంపులే వస్తున్నాయనుకోండి, లోటు 17. 50 ఆంప్-అవర్ బ్యాటరీ చలిలో సగమే లెక్కకొస్తుంది కాబట్టి 25, దాన్ని 17తో భాగిస్తే గంటన్నర. గంటన్నరకి పూర్తిగా ఖాళీ అన్నమాట, సెల్ఫ్ కొట్టలేని స్థితికి అంతకంటే చాలా ముందే చేరుతుంది. ఒకే ట్రాక్టర్, ఒకే లైట్లు, బ్లోవర్ వాడే పక్కింటాయనకి పెద్ద ఇబ్బంది రాదు, లోడర్ వాడే మనకి వారం వారం బ్యాటరీ డౌన్. ఆయన మాటలు విని మన బండిలో లోపం వెతుక్కుంటాం.

ఇప్పుడు అవే నాలుగు లైట్లు 20 వాట్ల ఎల్ఈడీలైతే 80 వాట్లు, 6 ఆంపులు. పైన పసుపు లైటు కూడా ఎల్ఈడీ అయితే 1. మొత్తం 29కి దిగింది, చ్యూట్ మోటార్ తిరిగినా 37. ఆల్టర్నేటర్‌ని ముట్టుకోకుండానే స్పీడ్‌లో లెక్క సరిపోయింది, నెమ్మదిగా నడిపేటప్పుడు మాత్రం 4 ఆంపుల లోటు మిగిలింది, హీటర్ ఫ్యాన్ ఒక మెట్టు తగ్గిస్తే అదీ పోతుంది. కొన్ని పాత చిన్న ట్రాక్టర్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది, అది ఇచ్చేది ఇందులో సగం కూడా ఉండదు, వాటికి ఎల్ఈడీ తప్ప వేరే దారి లేదు.

## ఎల్ఈడీ మంచిదే, మంచులో దానికో చిక్కుంది

హాలోజెన్ బల్బు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. వేసవిలో అది దండగ, మంచు పడేటప్పుడు అదే వేడి అద్దం మీద పడిన మంచుని కరిగిస్తుంది. ఎల్ఈడీకి ముందు వైపు వేడి ఉండదు, దాని వేడంతా వెనక ఫిన్స్‌లోంచి పోతుంది. గాలిలో మెత్తటి మంచు ఎగురుతుంటే కాసేపటికే అద్దం మీద తెల్లటి పొర కట్టి వెలుతురు మసకబారుతుంది, దిగి చేత్తో తుడుచుకోవాలి. లైట్లు ఎంతకీ పాడుకావు గానీ పదిసార్లు దిగాల్సి వస్తోంది అనే ఫిర్యాదు నిజమైనదే. అద్దం వేడి చేసే ఏర్పాటు ఉన్న ఎల్ఈడీలు దొరుకుతాయి, ఆ వేడికి కొంత కరెంటు పోతుంది, ధర కూడా ఎక్కువే. రెండు హాలోజెన్ హెడ్‌లైట్లు అలాగే ఉంచి మిగతావి ఎల్ఈడీ చెయ్యడం మధ్యేమార్గం, నాకు ఇదే నచ్చుతుంది, పై లెక్కలో హెడ్‌లైట్ల 5 ఆంపులు కదపనిది అందుకే.

ఇంకో వివాదం రంగు గురించి. తెల్లటి, నీలి ఛాయ ఉన్న ఎల్ఈడీ పడే మంచు మీద తగిలి కళ్ళలోకే తిరిగొస్తుందని, పసుపు ఛాయైతే హాయిగా ఉంటుందని కొందరంటారు. కళ్ళకి హాయి అనేది చాలామంది అనుభవమే, నేను కాదనను, అయితే రంగు కంటే లైటు ఎక్కడ పెట్టామనేది పెద్ద విషయం. కంటికి దగ్గరగా, క్యాబిన్ పైకప్పు ముందు అంచున పెట్టిన లైటు, ముక్కు ముందు ఎగిరే ప్రతి మంచు రేణువునీ వెలిగించి తెల్లటి గోడ కడుతుంది. అదే లైటుని కిందకి, పక్కకి జరిపితే వెలుతురు నేల మీద పడుతుంది, మధ్యలో ఎగిరే మంచు మన చూపుకి అడ్డంగా వెలగదు. ఎక్కువ వెలుతురు కోసం పైన ఇంకో రెండు తగిలిస్తే ఇంకా తక్కువ కనబడుతుంది.

పసుపు లైటు, ఇది నెమ్మదిగా నడిచే బండి అని తెలిపే వెనక నారింజ త్రికోణం విషయంలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు ఉంది, మన డ్రైవ్‌వే మంచుని రోడ్డు దాటించి అవతలికి తోయడం చాలా చోట్ల నేరం కూడా, అవి స్థానికంగా కనుక్కోవాల్సినవే.

## వైరు, రిలే, ఫ్యూజ్

ఉప్పు చల్లే 12 వోల్టుల స్ప్రెడర్ వెనక తగిలించారనుకోండి, 25 ఆంపులు తీసుకుంటుంది. బ్యాటరీ ముందు బానెట్ కింద ఉంది, స్ప్రెడర్ దాకా 12 అడుగులు, వెళ్ళి రావడానికి 24 అడుగులు. ఇంట్లో ఉన్న 14 గేజ్ వైరు వేస్తే అడుగుకి ఓమ్‌లో వెయ్యికి రెండున్నర వంతులు, మొత్తం 0.06 ఓమ్, 25 ఆంపులకి ఒకటిన్నర వోల్టు వైర్లోనే పోయింది. ఆ ఒకటిన్నర వోల్టు ఊరికే మాయమవ్వదు, 37 వాట్ల వేడిగా మారి వైరు పొడవునా వేడెక్కిస్తుంది. 10 గేజ్ వేస్తే నష్టం 0.6 వోల్టు, 8 గేజ్ వేస్తే 0.4కి కొంచెం తక్కువ. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావవుతుంది, కొత్తవాళ్ళు తికమకపడేది దీని దగ్గర.

వెనక్కొచ్చే కరెంటుకి వైరెందుకు, బాడీ ఉంది కదా అనొచ్చు. పనిచేస్తుంది, మొదటి సంవత్సరం. పెయింటు మీద బిగించిన బోల్టు, దాని కిందకి చేరే ఉప్పు నీళ్ళు, రెండో చలికాలానికి ఆకుపచ్చ పొడి. స్ప్రెడర్ మోటార్ బలహీనమైందని మోటార్ మార్చినవాళ్ళు ఉన్నారు, పోయింది ఎర్త్. మంచు పనిలో ఉప్పు తప్పదు కాబట్టి వెనక్కి కూడా సొంత వైరు వేసి నేరుగా బ్యాటరీ మైనస్‌కి తేవడం, జాయింట్ల మీద లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వాడటం ఇక్కడి మెకానిక్కుల అలవాటు. టేపు చుట్టిన జాయింటులోకి నీళ్ళు వెళ్ళే దారి ఉంటుంది, వచ్చే దారి ఉండదు.

రిలే గురించి భయపడేవాళ్ళు ఎక్కువ, అందులో ఏం లేదు, చిన్న కరెంటుతో పెద్ద స్విచ్ నొక్కించే పెట్టె. నాలుగు కాళ్ళుంటాయి, 85, 86కి మన స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటు, ఆంపులో ఐదో వంతు కూడా ఉండదు. 30కి బ్యాటరీ నుంచి లావు వైరు, 87 నుంచి లైట్లకి లావు వైరు. హెడ్‌లైట్ స్విచ్ నుంచే ఇంకో నాలుగు లైట్లకి వైరు లాగితే 5 ఆంపులకి చేసిన స్విచ్‌లోంచి 20 పైన వెళుతుంది, కొన్నాళ్ళకి డ్యాష్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. రిలే ఉంటే ఆ భారం స్విచ్ మీద పడదు. రిలేకి కరెంటుని తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి ఇస్తే, తాళం తీయగానే లైట్లన్నీ ఆరిపోతాయి, మర్చిపోయి బ్యాటరీ గడ్డకట్టించుకునే అవకాశమే ఉండదు.

ఫ్యూజ్ ఉండేది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. అందుకే ఫ్యూజ్ సైజు వైరుని బట్టి ఉండాలి, 14 గేజ్‌కి 15 ఆంపులు, 12కి 20, 10కి 30. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని 30 వేసేస్తే 14 గేజ్ వైరే ఫ్యూజ్ అవుతుంది. పెట్టే చోటు కూడా బ్యాటరీకి ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే దాన్ని ఆపేది ఏదీ లేదు.

## హీటర్లు: గోడ ప్లగ్గు నుంచి వచ్చే సాయం

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ట్రాక్టర్ సొంత కరెంటు. ఇంటి కరెంటుతో పనిచేసే బ్లాక్ హీటర్ ఈ లెక్కకి బయట నుంచి వచ్చే సాయం, ఇంజిన్ బ్లాకులో కూలెంట్‌ని వేడి చేస్తుంది, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది, సెల్ఫ్ మీదా బ్యాటరీ మీదా భారం తగ్గుతుంది. చలి దెబ్బలు రెండని పైన చెప్పాను కదా, అందులో ఒకదాన్ని ఇది దాదాపు తీసేస్తుంది. చిన్న ట్రాక్టర్‌కి 400 వాట్లది అనుకుంటే మూడు గంటలకి 1.2 యూనిట్లు, యూనిట్ 20 సెంట్లైతే 24 సెంట్లు. రాత్రంతా 12 గంటలు పెట్టి ఉంచితే 96 సెంట్లు. మూడు నాలుగు గంటల తర్వాత వేడి పెద్దగా పెరగదు కాబట్టి టైమర్ పెట్టుకునేవాళ్ళదే సరైన లెక్క.

డీజిల్ ఇంజిన్లలో హీటర్ ప్లగ్గులు వేరే సంగతి, అవి సెల్ఫ్ కొట్టే ముందు కొన్ని సెకన్లు సిలిండర్ లోపల గాలిని వేడి చేస్తాయి, బ్యాటరీ కరెంటుతోనే పనిచేస్తాయి. ఇవున్న ఇంజిన్లోకి స్టార్టింగ్ ఫ్లూయిడ్, అంటే ఈథర్ స్ప్రే కొట్టడం ప్రమాదం, ఎర్రగా కాలే ప్లగ్గుకి అది తగిలి తప్పు సమయంలో పేలి పిస్టన్లు పగలగొట్టగలదు. బ్యాటరీ, హీటర్ అన్నీ బాగున్నా ఇంజిన్ తిరుగుతూనే ఉండి అందుకోకపోతే డీజిల్ మైనంలా గడ్డకట్టి ఫిల్టర్‌లో ఆగిపోయి ఉండొచ్చు, అది కరెంటు సమస్య కాదు, చలికాలపు డీజిల్ పోయకపోవడం వల్ల వచ్చేది.

ఈ మధ్య లిథియం బ్యాటరీ వేసుకుంటే బరువు తక్కువ, బలం ఎక్కువ అని అడిగేవాళ్ళున్నారు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం లిథియం బ్యాటరీకి సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెడితే లోపల లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది, మంచివాటిలో ఉండే రక్షణ సర్క్యూట్ అసలు చార్జింగే ఆపేస్తుంది, లేదా ముందు తనని తాను వేడి చేసుకోవడానికి కరెంటు తింటుంది. వేడిలేని షెడ్డులో ఉండే మంచు ట్రాక్టర్‌కి సీసం బ్యాటరీయే నయం. అందులో ఏజీఎం రకం (యాసిడ్ గాజు పీచు పొరల్లో ఇంకి ఉండేది) కుదుపులకి బాగా తట్టుకుంటుంది, మామూలు నీళ్ళ బ్యాటరీ చవక. నెలల తరబడి నిలబెట్టే ట్రాక్టర్‌కి ఏది వేసినా చార్జ్ పడిపోకుండా చూసే ఒక చిన్న మెయింటెయినర్ చార్జర్ తగిలించి ఉంచడమే దాని ఆయుష్షు.

## స్టార్ట్ అవ్వనప్పుడు తగ్గించకూడని చోటు

చలిలో విసుగొచ్చి చాలామంది చేసే పని సేఫ్టీ స్విచ్‌ని దాటేసి నేరుగా సెల్ఫ్ మోటార్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో కలిపి స్టార్ట్ చెయ్యడం. 8ఎన్‌లో సెల్ఫ్ బటన్ గేర్ రాడ్ ముందు ఉంటుంది, న్యూట్రల్‌లో ఉంటేనే అది కిందకి దిగుతుంది. కొత్త ట్రాక్టర్లలో సీటు కింద, క్లచ్ కింద స్విచ్‌లుంటాయి. వీటిని దాటేసి పక్కన నిలబడి స్టార్ట్ చేస్తే, గేర్‌లో ఉన్న ట్రాక్టర్ ఇంజిన్ అందుకున్న మరుక్షణం వెనక టైరు మనిషి మీదకి వస్తుంది. ఇలా చనిపోయిన రైతులు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఎలక్ట్రికల్ పని చేసేటప్పుడు ఆ స్విచ్ వైర్లు అడ్డమొస్తున్నాయని ఒకదానికొకటి కలిపేసే మెకానిక్ కూడా అదే ప్రమాదాన్ని తెచ్చిపెడుతున్నాడు. స్విచ్ తడికో మంచుకో పాడైతే కొత్తది వేయించడం తప్ప దానికి ఇంకో లెక్క లేదు.

## మీటర్ చూపించే అంకెలు ఏం చెబుతాయి

మామూలు మల్టీమీటర్ ఒకటుంటే ఏ భాగం మీద డబ్బులు పెట్టాలో అదే చెబుతుంది. ట్రాక్టర్ ఆపి రాత్రంతా ఉంచాక పొద్దున బ్యాటరీ మీద 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 దగ్గర నిలబడితే బ్యాటరీ మంచిదే, బాగా చలిలో ఇంకొంచెం తగ్గొచ్చు. బ్యాటరీ మీద బాగానే ఉండి సెల్ఫ్ మోటార్ దగ్గర చూస్తే మాత్రం ఒక వోల్టు తక్కువుంటే ఆ వోల్టు కేబుల్లోనో జాయింట్లోనో పోతోంది, అక్కడ బ్యాటరీ మార్చడం వృథా. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే ఆల్టర్నేటరో దాని బెల్టో. అది వస్తూనే ఉండి, అన్ని లైట్లూ హీటరూ వేసి, మనం మామూలుగా పనిచేసే స్పీడ్‌లోనే పెట్టి చూస్తే 12.6 కిందకి జారిపోతుంటే రాబడికంటే ఖర్చు ఎక్కువున్నట్టు, ఆ లోటు బ్యాటరీ నుంచి పోతున్నట్టు. 6 వోల్టుల బండికి ఈ అంకెలన్నీ సగం చేసుకుంటే సరిపోతుంది, కేబుల్లో పోయే నష్టం ఒక్కటి తప్ప, అక్కడ అర వోల్టు కూడా చాలా ఎక్కువ.